ఆంటీ అని పిలవొద్దన్న మనిషి

మొన్నొక ఆదివారం, ఆక్లాండ్‌లోని శాండ్రింగ్‌హామ్‌కు కరివేపాకు కోసం వెళ్ళాను. దుకాణం పక్కనున్న వీడియో షాపు మూసేస్తున్నారట, పాత సినిమాలన్నీ అట్టపెట్టెల్లో పోసి వాకిట్లో పెట్టారు. ఊరికే కదిలిస్తుంటే ఒక పాత అమెరికన్ సినిమా చేతికొచ్చింది. అట్ట మీద గౌను కుచ్చిళ్ళు పరుచుకుని నిలబడ్డ దొరసాని, ఆమె నడుము పట్టుకున్న దొర. వెనక తెల్లటి స్తంభాల నీడలో పళ్ళెం పట్టుకుని ఒక నల్లజాతి ఆడమనిషి. ఆమె మొహం సరిగా అచ్చు కూడా పడలేదు.

"ఈమె పేరేంది?" అని నా నోట్లోంచి పైకే వచ్చేసింది. పెట్టెలు సర్దుతున్నతను "సారీ?" అన్నాడు. ఏమీ లేదని చెప్పి బయటికి వచ్చేశాను.

ఆ ప్రశ్న నాది కాదు. ఈ జూలైలో, ఇక్కడ న్యూజిలాండ్‌లో చలికాలం నడిమధ్యన, వెల్లింగ్టన్ పక్కనున్న లోవర్ హట్‌లో చనిపోయిన ఒక పెద్దావిడది. ఆమె పేరు నేనిక్కడ రాయను. తన పేరును ఎవరైనా ఒక్క పొల్లు తేడాగా పలికినా ఆమె ఊరుకునేది కాదు. తెలుగులో రాస్తే ఎట్లాగూ తప్పే పడుతుంది.

ఈ శతాబ్దం మొదలైన కొత్తలో మేము లోవర్ హట్‌లో దిగాం. మా ఆయనకు వెల్లింగ్టన్‌లో కంప్యూటర్ ఉద్యోగం. పొద్దున్నే రైలెక్కి వెళ్ళిపోయేవాడు. అమ్మాయి బడికి. నేను ఇంట్లో హీటర్ పక్కన కూర్చుని, చెక్క గోడల్లోంచి దూరే గాలిని వింటూ ఉండేదాన్ని. ఆర్నెల్లకు దగ్గర్లోని లైబ్రరీలో పుస్తకాలు సర్దే పని దొరికింది, రోజుకు నాలుగు గంటలు. అక్కడ జనం అడిగిందల్లా వెతికిపెట్టే బల్ల దగ్గర ఆమె కూర్చునేది. అరవై దాటిన మనిషి, పొడగరి, వెండి తీగల్లాంటి జుట్టు, మెడలో గొలుసుకు వేలాడే కళ్ళద్దాలు. అమెరికా దక్షిణాది నుంచి వచ్చిన నల్లజాతి స్త్రీ. పుస్తకాల బండి తోసుకుంటూ వెళ్ళి, తెలిసిన మర్యాదంతా గొంతులో పెట్టుకుని అడిగాను.

"ఆంటీ, ఇవి ఎక్కడ పెట్టమంటారు?"

ఆమె కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఏమన్నావు?"

"ఆంటీ..."

"నేను నీకు ఆంటీని కాదు. ఎవరికీ కాదు. మిసెస్ అని, దాని తర్వాత నా ఇంటిపేరు. అది కుదరకపోతే ఏమీ పిలవకు."

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదనిపించింది. బాత్రూంలోకి పోయి ఏడ్చి, మొహం కడుక్కుని, నాలుగు గంటల పని పూర్తిచేసి ఇంటికి వచ్చాను. మా ఆయనకు చెబితే, "అమెరికా నల్లోళ్ళు అట్లనే ఉంటారు. సినిమాల్లో సూడ్లేదా? కోపం జాస్తి వాళ్ళకు. నీ పని నువ్వు చూసుకోరాదూ" అన్నాడు.

ఆయన అమెరికా ఎన్నడూ వెళ్ళలేదు. అక్కడి నల్లజాతి వాళ్ళలో ఒక్కరితో కూడా మాట్లాడలేదు. ఆ రోజు వరకు నేనూ అంతే. అయినా వాళ్ళు ఎట్లాంటివాళ్ళో మాకిద్దరికీ బాగా తెలుసనే అనుకున్నాం. మా ప్రొద్దుటూరు థియేటర్లలో చూసిన డబ్బింగు సినిమాల్లో వాళ్ళు సందు చివర కత్తి పట్టుకుని నిలబడేవాళ్ళు, లేదంటే హీరో పక్కన నిలబడి నవ్వించి, సగం సినిమాకే చచ్చిపోయేవాళ్ళు. మేము చదివిన చదువు అది.

మర్నాడు ఆమే నా దగ్గరికి వచ్చింది. క్షమాపణ చెప్పడానికి కాదు. పుస్తకాల వరసల మధ్య నిలబడి, పుస్తకం వెన్ను మీద వేలు ఆనించి చెప్పింది.

"మా అమ్మ యాభై ఏళ్ళు తెల్లవాళ్ళ బట్టలు ఉతికింది. ఆ ఇంట్లో ఆరేళ్ళ పిల్ల మా అమ్మను ఆంటీ అనేది. మా అమ్మ ఆ పిల్లను 'మిస్' అని పిలవాలి. ఊళ్ళో దుకాణందారు, పోస్టుమాన్, అందరికీ మా అమ్మ ఆంటీయే. ఎందుకో తెలుసా? మిసెస్ అంటే, ఆమె కూడా ఒక ఇంటి ఇల్లాలని ఒప్పుకున్నట్టవుతుంది. అందుకని."

నాకు వచ్చిన ఇంగ్లీషులో నేనూ చెప్పాను. మా వైపు పెద్దవాళ్ళను ఇంటిపేరుతో పిలవడమంటే చెయ్యి చేసుకున్నంత పని. ఆంటీ అనేది ఎవరో నేర్పిన గౌరవం కాదు, అమ్మ వయసు మనిషి కనబడితే నోటికి అదే వస్తుంది. మిసెస్ అనడానికి నాకు నోరు రాదు. ఆమె విన్నది. "ఊఁ" అని వెళ్ళిపోయింది.

మూడు నెలలు ఆమెను నేను ఏమీ పిలవలేదు. పని పడితే దగ్గరికి పోయి దగ్గేదాన్ని. ఒక మధ్యాహ్నం అట్లాగే దగ్గితే తలెత్తకుండానే అంది.

"ఇక ఆ దగ్గు ఆపు, బిడ్డా. నువ్వు పిలవొచ్చు. నువ్వొక్కదానివే. మా ఊళ్ళో ఆ మాట మా అమ్మను గుమ్మం బయట నిలబెట్టింది. మీ ఊళ్ళో అది లోపలికి రమ్మంటుందని నువ్వు చెప్పావు. నమ్ముతున్నాను."

అట్లా ఆమె నాకు ఆంటీ అయింది. మా అమ్మాయి ఒకసారి పొరపాటున అంటే మాత్రం, "నువ్వు ఇక్కడ పెరిగినదానివి. మిసెస్!" అని దిద్దింది.

ఆమె గుర్తొచ్చినప్పుడల్లా ముందు కనిపించేది రిమోట్ పట్టుకున్న ఆమె చెయ్యి. శనివారం మధ్యాహ్నాలు లైబ్రరీ వెనక గదిలో పాత సినిమాలు వేసేవారు. పదిహేను మంది ముసలివాళ్ళు, టీ, బిస్కెట్లు. రిమోట్ మాత్రం ఆంటీ చేతిలోనే. దొరల బంగళా, విందు, వయొలిన్లు నడుస్తుంటాయి. పనిమనిషి లోపలికి వచ్చి తలుపు పక్కన నిలబడగానే బొమ్మ టక్కున ఆగిపోయేది.

"ఈమె పేరేమిటి?"

"కథలో చెప్పలేదే" అనేవారు ఎవరో.

"సరే, కథ అయిపోయాక చూద్దాం."

కథ అయిపోయాక పేర్లు పడతాయి కదా, వాటిని కూడా మెల్లగా తిప్పించేది. దొర గుర్రం పేరు ఉండేది. ఈమెది ఉండేది కాదు. "ఆ గదిలో జరిగినవన్నీ ఈమె విన్నది. ఎవరికి ఎవరి మీద మనసుందో, ఎవరు ఎవరిని మోసం చేస్తున్నారో అందరికంటే ముందు ఈమెకే తెలుసు. రాత్రి ఇంటికి పోయి ఏం చెప్పుకుందో, ఆ సినిమా ఎవరూ తియ్యలేదు" అనేది. ఇద్దరు ముగ్గురు రావడం మానేశారు. హాయిగా సినిమా చూడనివ్వడం లేదని పైవాళ్ళకు ఫిర్యాదు కూడా వెళ్ళింది. ఆమె పైవాళ్ళతో, "నేను ఏ సినిమానీ ఆపలేదు. నిలబెట్టి చూపించాను, అంతే" అంది.

ఒక రోజు టీ కప్పులు కడుగుతూ, మాది పత్తి పండే చోటని చెప్పాను. ఆమె మొహం విచ్చుకుంది. ఆమెదీ పత్తి ఊరేనట. పత్తికాయ పగిలినచోట పెంకు మొన ఎట్లా గుచ్చుకుంటుందో, చలికాలం పొద్దున మంచుకు తడిసిన పత్తి ఎంత బరువుంటుందో ఇద్దరం చేతులు తిప్పుతూ చెప్పుకున్నాం. ఆమె ఠక్కున అడిగింది.

"నువ్వు ఏరావా?"

"లేదు. మా అవ్వావాళ్ళ చేను. కూలీలు వచ్చేవాళ్ళు."

"ఎవరు?"

"ఊరి బయట ఉండేవాళ్ళు. మా కులం కాదు. మా అవ్వ వాళ్ళకు నీళ్ళు చెంబు ఎత్తి పైనుంచి దోసిట్లో పోసేది."

"చెంబు వాళ్ళ చేతికి ఇచ్చేది కాదా?"

"లేదు."

"వాళ్ళ పేర్లు?"

నాకు ఒక్క పేరూ గుర్తు రాలేదు. ప్రతి సెలవుల్లోనూ చూసిన మనుషులు. ఒకామె నాకు జడలో కనకాంబరాలు పెట్టింది. ఆమె పేరూ రాలేదు. ఆంటీ కప్పు తుడిచి బోర్లించి, "ఇవాళ ఇంటికి పోయి ఆలోచించు" అంది. ఆ వారమంతా ఆలోచించాను. మా అమ్మకు ఫోన్ చేసి అడిగితే, "ఇప్పుడు వాళ్ళ పేర్లెందుకే నీకు?" అంది. చివరికి రెండు పేర్లు దొరికాయి. తీసుకెళ్ళి ఆంటీకి చెబితే ఆమె వాటిని పలకడం నేర్చుకుంది.

సొంత సంగతులు ఆమె చెప్పేది కాదు. న్యూజిలాండ్‌కు ఎందుకొచ్చారంటే, "మొదట ప్రేమ. అది పోయాక మొండితనం" అనేది. భర్త ఇక్కడివాడు, ఎప్పుడో పోయాడు. పిల్లలు లేరు. పక్కింట్లో ఒక మావోరీ తాత, ఈ దేశపు మూలవాసి, ఉండేవాడు. ఇద్దరూ కంచెకు అటూ ఇటూ నిలబడి గంటలు గంటలు వాదించుకునేవారు. చిన్నప్పుడు బళ్ళో సొంత భాష మాట్లాడినందుకు ఆయన బెత్తం దెబ్బలు తిన్నాడు. ఎవరైనా ఆంటీతో, "మీ అమెరికాలాగా కాదు, ఇక్కడ అందరం ఒకటే" అంటే, ఆమె వేలితో ఆయన ఇల్లు చూపించి, "ఆ తలుపు తట్టి ఆయనతో చెప్పండి" అనేది. ఎవరూ తట్టలేదు.

మా అమ్మాయికి ఎనిమిదేళ్ళున్నప్పుడు బళ్ళో ఏడాది చివర నాటకం పెట్టారు. పాత అమెరికా పత్తి తోటలు, పాటలు, డాన్సులు. పాప ఇంటికి ఎగురుకుంటూ వచ్చింది.

"మమ్మీ, ఐ గాట్ ఎ పార్ట్! పెద్దింట్లో మెయిడ్. మా క్లాసులో ఇద్దరు అబ్బాయిలకు మొహానికి బ్లాక్ పెయింట్ వేస్తారు. నాకు అక్కర్లేదంట. మిస్ చెప్పింది, నేను ఆల్రెడీ కరెక్ట్‌గా ఉన్నానంట!"

దాచకుండా చెబుతాను. నాకు సంతోషమే అయింది. బళ్ళో దాన్ని ఎవరూ ఆటలోకి పిలవరని ఏడ్చేది కదా, వేషం దొరికిందని మురిసిపోయాను. ప్రొద్దుటూరుకు ఫోన్ చేసి చెప్పాను. శనివారం గుడ్డ కొని ఆంటీ ఇంటికి తీసుకెళ్ళాను. ఆమె మిషను బాగా కుట్టేది.

"ఆంటీ, పాపకు నాటకంలో వేషం. ఒక ఏప్రనూ, తలకు గుడ్డా కుట్టాలి."

"ఏం వేషం?" అంటూ ఆమె గుడ్డ పరిచింది, కత్తెర తీసింది. నేను చెప్పాను. రంగు అక్కర్లేదన్న మాట కూడా, నవ్వుతూ, చెప్పాను.

కత్తెర బల్ల మీద పెట్టింది. గుడ్డను నాలుగు మడతలు వేసి నా ఒళ్ళో పెట్టింది.

"ఇది నేను కుట్టను. కూర్చో."

లోపలికి పోయి ఒక కవరు తెచ్చింది. అందులో పాత ఫొటో కార్డు. అప్పట్లో వాళ్ళ వైపు తెల్లవాళ్ళు గుంపు కట్టి, నల్లవాళ్ళను పట్టుకుని చంపి, ఫొటోలు తీయించుకుని, పోస్టుకార్డులుగా వేయించి చుట్టాలకు పంపుకునేవారట. నేను చూసేలోపే ఆమె ఆ కార్డు పైసగం మీద అరచెయ్యి కప్పేసింది.

"ఈయన్ని నువ్వు చూడకూడదు. ఈయన్ని చూసినవాళ్ళు చాలు. వీళ్ళను చూడు."

చేతి కింద ఒక గుంపు. ఇస్త్రీ చొక్కాలు, టోపీలు, పూల గౌన్లు. కెమెరా వైపు తిరిగి నిలబడ్డారు. తండ్రి భుజాల మీద ఒక పిల్ల, మా అమ్మాయి ఈడుది, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది.

"చర్చి నుంచి వచ్చినట్టున్నారు" అన్నాను, ఏమనాలో తెలియక.

"చర్చి నుంచే వచ్చారు."

ఆమె చెయ్యి కదల్లేదు.

"ఆ పిల్ల ఎట్లా నవ్వుతోందని నువ్వు అడగాలి. నేను చెబుతాను. అంతకుముందు ఆ ఊరికి నాటకాలవాళ్ళు వచ్చి ఉంటారు. తెల్లవాళ్ళు మొహాలకు మసి పూసుకుని, గెంతి, పళ్ళికిలించి, నల్లవాళ్ళంటే ఇదీ అని చూపించి ఉంటారు. ఆ పిల్ల తండ్రి పక్కన కూర్చుని కడుపుబ్బ నవ్వి ఉంటుంది. నవ్వడం ముందు నేర్పారు, బిడ్డా. అది వచ్చేశాక ఇక దేన్ని చూసైనా నవ్వొచ్చు."

ఆ చెయ్యి కింద ఉన్నది ఎవరని అడిగాను. "మా అమ్మమ్మ తమ్ముడు" అంది. కార్డు కవర్లో పెట్టేసింది. ఆ తర్వాత ఎన్నడూ దాని మాట ఎత్తలేదు.

"పాపను నాటకం మాన్పించేస్తా" అన్నాను.

"ఎందుకు? తప్పు చేసింది పాపా? బడికి పో. అడుగు."

"మీరు మాట్లాడండి ఆంటీ. నాకు ఇంగ్లీషు..."

"నేను వస్తాను. మాట్లాడను. అది నీ కూతురు."

మా ఆయన వద్దన్నాడు. "మనం నల్లోళ్ళమా ఏంది? వాళ్ళ గొడవ మనకెందుకు? ఇంకా పర్మనెంట్ రెసిడెన్సీ కూడా రాలా. నలుగురిలో చెడ్డపేరు తెచ్చుకోవాల్నా?" అన్నాడు. ఆయన భయం నాకు అర్థమైంది. అదే భయం నాకూ ఉంది. అయినా సోమవారం వెళ్ళాను.

ప్రిన్సిపాల్ మంచివాడే. కుర్చీలు వేయించాడు, టీ ఇస్తానన్నాడు. పాప టీచరు, ఇరవై మూడు ఇరవై నాలుగేళ్ళ పిల్ల, పక్కన కూర్చుంది. బస్సులో బట్టీ పట్టిన వాక్యాలన్నీ గది గుమ్మంలోనే జారిపోయాయి. ఎట్లాగో, ఆ వేషం బాగోలేదని చెప్పాను.

"ఇందులో చెడు ఉద్దేశం ఏమీ లేదండీ" అన్నాడాయన. "పిల్లలు, పాటలు, సరదా. అయినా అదంతా ఎప్పటిదో అమెరికా కథ. ఇక్కడ అట్లాంటివి లేవు కదా." అని ఆంటీ వైపు తిరిగాడు. "ఒక అమెరికన్‌గా మీకు బాధ కలిగి ఉంటే..."

"నాకు బాధ కలిగించడం మీవల్ల కాదు" అంది ఆంటీ. "ఈమె ఏం చెబుతుందో వినడానికి వచ్చాను. మీరూ వినండి."

అందరూ నా వైపు చూశారు. బట్టీ పట్టినది వదిలేసి, తెలిసిన చిన్న చిన్న మాటలతో అడిగాను.

"మా పాపకు రంగు అక్కర్లేదని చెప్పారు. అవునా?"

టీచరు తలూపింది.

"ఎందుకు అక్కర్లేదు?"

టీచరు ప్రిన్సిపాల్ వైపు చూసింది.

"పాప బయట వరండాలో ఉంది. ప్లీజ్, నేను పిలుస్తాను. ఎందుకు అక్కర్లేదో మీరే దానికి చెప్పండి. నాకు కాదు, దానికి. మీరు చెప్పగలిగితే నేను ఆ బట్టలు కుట్టించి పంపిస్తాను."

నేను కుర్చీలోంచి లేచాను కూడా. నిజంగానే పిలిచేదాన్ని. టీచరు మొహం మెడ దాకా ఎర్రబడింది. "వద్దు" అంది. "నేను... నేను పాపకు చెప్పలేను." ప్రిన్సిపాల్ పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. ఆలోచించి చెబుతామన్నాడు.

బయటికి వచ్చాక మెచ్చుకుంటుందేమోనని ఆంటీ వైపు చూశాను.

"నాలుగుసార్లు ప్లీజ్ అన్నావు. ఒకటి చాలు" అంది.

నాటకం మార్చారు. మసీ లేదు, పత్తి తోటా లేదు. కానీ అది అంతటితో అయిపోలేదు. బడి నుంచి ఇళ్ళకు పంపే కాగితంలో, 'ఒక తల్లి మనోభావాలను దృష్టిలో పెట్టుకుని' కార్యక్రమం మార్చామని రాశారు. ఆ ఒక తల్లి ఎవరో తెలియనిది ఎవరికి? గేటు దగ్గర నన్ను చూసి పలకరించే ఇద్దరు తల్లులు మొహాలు తిప్పుకోవడం మొదలుపెట్టారు. మన తెలుగువాళ్ళ ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి వెళితే, ఒకావిడ ప్రసాదం పెడుతూ, "అన్నీ పట్టించుకుంటే ఈ దేశంలో సెటిల్ అవ్వలేమండీ" అంది. అన్నిటికంటే, మా అమ్మాయి నాతో మాట్లాడటం మానేసింది. "యు రూయిన్డ్ ఎవ్రీథింగ్" అని గదిలోకి పోయి తలుపేసుకుంది.

ఐదో రోజు ఆంటీ మా ఇంటికి వచ్చింది. చేతులు కడుక్కోవడానికి బాత్రూంలోకి వెళ్ళి, ఒక ట్యూబు పట్టుకుని బయటికి వచ్చింది. మా అత్తగారు పాప కోసం ఇండియా నుంచి పంపిన ఫెయిర్‌నెస్ క్రీం. కళ్ళద్దాలు పెట్టుకుని దాని మీదున్నదంతా పైకి చదివింది.

"మీవాళ్ళు కూడా పిల్లలకు రంగు వేస్తారన్నమాట" అంది. "తెల్లరంగు."

ఆమె దాన్ని నా చేతిలో పెట్టి పాప గది వైపు నడిచింది. తలుపు తట్టలేదు. మోకాళ్ళు కటకటమంటుంటే గోడ పట్టుకుని, నేల మీద తలుపుకు వీపు ఆనించి కూర్చుంది.

"మీ అమ్మ మీద కోపమా?" అని అడిగింది.

కాసేపటికి లోపలి నుంచి, "యెస్."

"మంచిది. పెట్టుకో. నేను కూడా మా అమ్మ మీద పెట్టుకున్నాను, చాలా ఏళ్ళు. మా అమ్మ నోరు మూసుకున్నందుకు. మీ అమ్మ నోరు తెరిచినందుకు నీకు కోపం. రెంటిలో నీదే నయం. నాతో మార్చుకుంటావా?"

ఆంటీ కదల్లేదు. నేను వంటింట్లో అన్నం వండి, పప్పు చేసి, మళ్ళీ వచ్చి చూసేసరికి తలుపు జానెడు తెరిచి ఉంది. పాప లోపల నేల మీద, ఆంటీ బయట నేల మీద. పాప అడుగుతోంది, "వాట్ డిడ్ యువర్ మమ్ సే?" ఆంటీ చెబుతోంది. ఆ ట్యూబు చెత్తబుట్టలో పడేశాను. ఆ సాయంత్రం రైలు దిగి వచ్చిన మా ఆయన చెత్తబుట్ట చూశాడు, నేల మీద కూర్చున్న పెద్దావిడను చూశాడు. ఏమీ అనకుండా ఆమెకు చెయ్యి అందించి లేపి, భోజనానికి కూర్చోబెట్టాడు. ఆమె పక్కన కూర్చుని అన్నం తిన్నాక మా ఇంట్లో 'అమెరికా నల్లోళ్ళు' అనే మాట ఆయన నోట నేను మళ్ళీ వినలేదు.

ఇంకో సంగతి కూడా రాయాలి. వేసవి సెలవుల తర్వాత ఆ టీచరు లైబ్రరీకి వచ్చింది. ఆంటీ బల్ల ముందు చాలాసేపు నిలబడి, "నేనేం చదవాలి?" అని అడిగింది. ఆంటీ లేచి వెళ్ళి మూడు లావుపాటి పుస్తకాలు తెచ్చింది. ముద్ర వేసి, "మూడు వారాల్లో తిరిగివ్వాలి" అంది. ఆ అమ్మాయి రెండు వారాలకే తెచ్చి ఇంకో మూడు పట్టుకెళ్ళింది. ఆంటీ ఆమెను ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు. కానీ ఆమె వచ్చే రోజుకు పుస్తకాలు ముందే తీసి పక్కన పెట్టేది.

తర్వాత మేము ఆక్లాండ్ వచ్చేశాం. ఫోన్లే మిగిలాయి. పోయిన ఏడాది అమెరికాలో మొదటిసారి ఒక నల్లజాతి మనిషి అధ్యక్షుడిగా గెలిచిన మధ్యాహ్నం, నేను పనిచేసే ఆఫీసులోంచే ఆమెకు ఫోన్ చేశాను.

"కంగ్రాట్స్ ఆంటీ!"

"పొద్దున్నించీ అందరూ నాకే చెబుతున్నారు. లైబ్రరీవాళ్ళు కేకు పంపారు. నేనేం గెలిచాను? ఆ తెల్ల భవనానికి రాళ్ళు మోసింది మావాళ్ళు, బానిసలుగా. కట్టినవాళ్ళు ముందు గుమ్మంలోంచి లోపలికి పోవడానికి రెండువందల ఏళ్ళు. దానికి కేకా?"

ఆ తర్వాత గొంతు తగ్గించింది.

"ఏడ్చాను, బిడ్డా. ఎవరికీ చెప్పకు" అంది. వెంటనే, "రేపట్నుంచి చూస్తూ ఉండు. ఈయన ఒక్కడు గెలిచాడు కదా, ఇక మీకేం లోటని అడుగుతారు" అని ఫోన్ పెట్టేసింది.

జూలైలో ఆమె పోయిందని లైబ్రరీ నుంచి ఈమెయిల్ వచ్చింది. నేనూ, మా అమ్మాయీ విమానంలో వెళ్ళాం. పదహారేళ్ళు వచ్చాయి దానికి. ఆమె ఇంటి దగ్గర్లోని హాల్లో శవపెట్టె పెట్టారు. అరవై మంది దాకా ఉన్నారు. ముందు వరసలో మావోరీ తాత, చక్రాల కుర్చీలో. ఆ టీచరు కూడా వచ్చింది. బయట మంచులాంటి దక్షిణపు గాలి, కిటికీలు కొట్టుకుంటున్నాయి.

లైబ్రరీ పెద్దాయన ఒకరు లేచి మాట్లాడాడు. మంచి సూటు, మంచి గొంతు. ఆమె ఎన్నో కష్టాలున్న దేశం నుంచి వచ్చి మన ప్రశాంతమైన హట్ లోయలో సాంత్వన పొందిందన్నాడు. ఎప్పుడూ చిరునవ్వే అన్నాడు. "ఆమెలో నేను ఎన్నడూ కోపం చూడలేదు. జరిగిందంతా క్షమించేసింది" అన్నాడు. జనం తలలూపుతున్నారు. ఒకావిడ కళ్ళొత్తుకుంది.

ఆయన చెబుతున్న మనిషి నాకు తెలియదు. ఇంకొక్క నిమిషం పోతే ఆ పెట్టెలో ఆమే ఉండదనిపించింది. ఎవరూ పిలవకుండానే లేచి నిలబడ్డాను.

"క్షమించలేదు" అన్నాను. హాలంతా వెనక్కి తిరిగింది. "ఆమెకు కోపం ఉంది. చివరి దాకా ఉంది. ఆ కోపం వల్లనే నేను ఒక రోజు నోరు తెరిచాను. అది ఆమె దగ్గర్నుంచి తీసుకోకండి."

సూటాయన మొహం మాడిపోయింది. ఇక కూర్చోబోయాను. అప్పుడు మావోరీ తాత చక్రాల కుర్చీలోంచి కర్రతో నేలను ఒక దెబ్బ కొట్టాడు.

"కియ ఓరా!" అన్నాడు. మంచి మాట, చెప్పు అని దాని అర్థం. ఆ తర్వాత కర్ర ఎత్తి పెట్టె వైపు చూపించాడు. "మా పద్ధతిలో, పోయినవాళ్ళ సంగతి ఊళ్ళోవాళ్ళతో చెప్పం. వాళ్ళతోనే చెబుతాం. మాతో కాదమ్మా. ఆమె వింటోంది. ఆమెతో చెప్పు. నీ భాషలోనే చెప్పు."

వరసలు దాటి ముందుకు వెళ్ళాను. మా అమ్మాయి కూడా లేచి, వచ్చి నా పక్కన నిలబడింది. పెట్టె చెక్క మీద చెయ్యి వేశాను. అరవై మంది చూస్తున్నారు, ఒక్కరికీ అర్థం కాదు. ఇంగ్లీషు వెతుక్కునే పని లేకపోయేసరికి నా గొంతు నాకు తిరిగొచ్చింది. మా ప్రొద్దుటూరులో ఇంటి అరుగు మీద నిలబడి మాట్లాడినట్టు, అంత గట్టిగా, మొదలుపెట్టాను.

"ఏమ్మా, ఇన్యావా? నీకు కోపమే లేదంట!"